కత్తి ఒకరికి, గాయం మరొకరికి

2023 మే 23న లండన్ నగరంలో ఒక కత్తి వేలానికి వచ్చింది. మీటరు పొడవు, పిడి నిండా బంగారు పని. మైసూరు పాలకుడు టిప్పు సుల్తాను పడకగదిలో దొరికిన కత్తి అది. పదిహేను ఇరవై లక్షల పౌండ్లు పలకవచ్చునని వేలంవారు వేసుకున్న అంచనా. పాట ముగిసేసరికి కోటీ నలభై లక్షల పౌండ్లు దాటింది. మన రూపాయల్లో 140 కోట్ల పైమాటే. 

పత్రికలు ఆ ధరను పెద్ద అక్షరాలలో వేశాయి. చాలామంది టిప్పును తలచుకున్నారు. మన సొత్తు మనకు రావాలని కొందరు, రాదులెమ్మని కొందరు వాదించుకున్నారు. కాని ఆ కత్తి ఇంగ్లండుకు ఎలా చేరిందన్న సంగతి మీద జరగవలసినంత చర్చ జరగలేదు. అది ఎవరో సిపాయి మూటలో దాచుకుపోయిన దొంగసొత్తు కాదు. నలుగురి ఎదుట, సగౌరవంగా ఒక సైనికాధికారికి ఇచ్చిన బహుమానం. ఆనాటి దొరల లోకంలో అలాంటి కత్తులు వందల కొద్దీ చేతులు మారాయి. వాటి వెనుక ఉన్న లెక్క మన పల్లెలవారు తెలుసుకోదగినది. ఎందుకంటే గౌరవం ఎవరికి దక్కాలి, దాని ఖర్చు ఎవరు మోయాలి అనే ప్రశ్న నేటికీ తీరలేదు.

అత్త సొమ్ము, అల్లుడి దానం

ఆ కత్తి అందుకున్నవాడు మేజర్ జనరల్ డేవిడ్ బెయిర్డ్. 1780 సెప్టెంబరులో కాంచీపురం సమీపాన పొల్లిలూరు దగ్గర హైదరాలీ సైన్యం ఇంగ్లీషువారిని చిత్తుగా ఓడించినప్పుడు గాయపడి పట్టుబడ్డాడు. 1784 దాకా శ్రీరంగపట్నంలో ఖైదీగా ఉన్నాడు. పదిహేనేళ్ల తరువాత, 1799 మే 4న, అదే శ్రీరంగపట్నం కోట మీదికి దాడిని తానే నడిపిస్తానని ముందుకు వచ్చాడు. నడిపించాడు. మధ్యాహ్నం మొదలైన దాడి సాయంత్రానికి ముగిసింది. టిప్పు కోటలోనే పోరాడుతూ చనిపోయాడు.

మనిషి ధైర్యవంతుడే. అందులో సందేహం లేదు. కాని కోట పట్టిన మరునాడే దాని అధికారం అతడికి దక్కలేదు. అతనికంటే చిన్నవాడైన ఆర్థర్ వెల్లెస్లీకి ఇచ్చారు. ఆ వెల్లెస్లీ గవర్నరు జనరలుకు స్వయానా తమ్ముడు. బెయిర్డ్ మనసు నొచ్చుకుంది, పైకి ఫిర్యాదు రాసుకున్నాడు. సైన్యం తరఫున టిప్పు కత్తిని అతనికి బహూకరించి గౌరవించారు. ఎవరి కత్తి, ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నది కూడా దాని మీదే చెక్కించారు. ఇచ్చినవారి చేతి సొమ్ము ఒక్క పైసా లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు, చనిపోయిన రాజు కత్తి గెలిచిన దొరకు కానుక అయింది.

కత్తి దొరికినవాడి సంగతి అది. మరి కోటగోడ ఎక్కినవారి సంగతి ఏమిటి?

ఆ యుద్ధంలో ఇంగ్లీషు సోల్జర్లతో పాటు మద్రాసు సైన్యపు సిపాయిలు, నిజాం పంపిన దళాలు కూడా పాల్గొన్నాయి. మద్రాసు సైన్యంలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. అవధ్, బెంగాలు ప్రాంతాల్లో కంపెనీ సిపాయిని జనం 'తిలంగా' అని పిలిచేవారంటే, ఆ కొలువులో మనవారు ఎంత తొలినాళ్ల నుంచి ఉన్నారో గ్రహించవచ్చు. శ్రీరంగపట్నంలో దొరికిన ధనాన్ని, నగలను, ముక్కలు చేసిన బంగారు సింహాసనాన్ని లెక్కకట్టి సైన్యానికి పంచారు. మొత్తం పది లక్షల పౌండ్లకు పైగా తేలింది. సేనాధిపతి జనరల్ హారిస్ వాటా లక్ష పౌండ్లు దాటింది. సామాన్య సిపాయికి పది పౌండ్లు కూడా ముట్టలేదు. అందులోనూ తెల్ల సోల్జరుకు ఒక లెక్క, నల్ల సిపాయికి అంతకంటే తక్కువ లెక్క. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. నెత్తురు ఒకడిది, కత్తి ఒకడిది.

ఆ మే నెల మధ్యాహ్నానికీ మన జిల్లాకూ కూడా సంబంధం ఉంది. గుత్తి కోట, దాని చుట్టుపక్కల సీమ అప్పటిదాకా టిప్పు ఏలుబడిలోనే ఉండేవి. టిప్పు పోగానే గుత్తి నిజాం వాటాకు వచ్చింది. మరుసటి ఏడాది, 1800లో, తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం ఈ ప్రాంతమంతా ఇంగ్లీషువారికి రాసి ఇచ్చాడు. బళ్లారి, అనంతపురం, కడప సీమలకు దత్తమండలాలని పేరు వచ్చింది అప్పుడే. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి పొలాలు కొలిపించి శిస్తు కట్టాడు. సుల్తాను, నిజాం, కంపెనీ: మూడు ప్రభుత్వాలు రెండేళ్లలో మారాయి. గుత్తి రైతును మాట మాత్రం అడిగినవారు లేరు. బెయిర్డ్ చేతికి కత్తి వచ్చింది. మన తాతముత్తాతల చేతికి కొత్త శిస్తు చీటీ వచ్చింది.

వంద పౌండ్ల కత్తి, నలభై పౌండ్ల కాలు

గెలిచిన రాజు కత్తినే కానుకగా ఇవ్వడం ఒక పద్ధతి. ప్రత్యేకంగా చేయించి ఇవ్వడం ఇంకొక పద్ధతి. ఈ రెండో దానికి పేరుమోసినది లండన్‌లోని లాయిడ్స్ దేశభక్త నిధి.

1803లో ఫ్రాన్సుతో యుద్ధం మళ్లీ మొదలైనప్పుడు, ఓడలకు బీమా చేసే లాయిడ్స్ వర్తకులు జూలై నెలలో సమావేశమై ఈ నిధిని ఏర్పాటు చేశారు. ఉద్దేశం మంచిదే. గాయపడ్డ సైనికులకు, నావికులకు, చనిపోయినవారి భార్యాపిల్లలకు సాయం చేయడం, వీరత్వం చూపినవారిని గౌరవించడం. పెద్ద వర్తకులే కాదు, సామాన్యులు కూడా చందాలు వేశారు. 1805 డిసెంబరు 5న దేశమంతా కృతజ్ఞతా దినం జరుపుకొన్నప్పుడు చర్చీలలో పళ్లెం పట్టి వసూలు చేసిన డబ్బు కూడా ఈ నిధికే చేరింది.

గౌరవించడానికి వారు ఎంచుకున్న వస్తువు కత్తి. హోదాను బట్టి ధర. ఓడ కెప్టెనుకు వంద పౌండ్ల కత్తి. లెఫ్టినెంటుకు యాభై పౌండ్ల కత్తి. ఇంకా కింది స్థాయి పడుచు అధికారులకు ముప్పై పౌండ్ల కత్తి. లండన్ నగరంలో రిచర్డ్ టీడ్ అనే నగల వర్తకుడు వీటిని తయారు చేయించి ఇచ్చేవాడు. ఉక్కు అలుగుకు నీలిరంగు తెప్పించి, దాని మీద బంగారు పూతతో బొమ్మలు, అక్షరాలు తీర్చేవారు. పిడికి దంతం, బంగారు పూత. పిడి మీద సింహపు తోలు, గ్రీకు వీరుడు హెర్క్యులీస్ గద, దాన్ని చుట్టుకున్న పాము. ఏ అధికారికి, ఏ ఓడలో, ఏ పోరాటానికి ఇచ్చారో అలుగు మీదే రాసి ఉంటుంది. ఆ బొమ్మల అర్థం తెలియక గ్రహీత తికమక పడకుండా వివరించే కాగితం ఒకటి పెట్టెలో పెట్టి మరీ ఇచ్చేవారు.

అంత సింగారించిన కత్తిని ఎవరూ యుద్ధానికి తీసుకుపోరు. గోడకు తగిలించుకోవాలి, విందుకు పోయినప్పుడు నడుముకు కట్టుకోవాలి. సంక్రాంతికి కొమ్ములకు రంగు పూసి గజ్జెలు కట్టిన ఎద్దు చూడ ముచ్చటగా ఉంటుంది. ఆ ముస్తాబుతో దాన్ని కాడికి కట్టము కదా.

1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ దగ్గర నెల్సన్ నాయకత్వంలో ఇంగ్లీషు నౌకాదళం గెలిచింది. నెల్సన్ చనిపోయాడు. నిధి వారు సమావేశమై గౌరవాలు ప్రకటించారు. ఓడల కెప్టెన్లకు తలా వంద పౌండ్ల కత్తి. నెల్సన్ భార్యకు అయిదు వందల పౌండ్ల వెండి కలశం. ఇక కాలో చెయ్యో పోగొట్టుకున్న మామూలు నావికుడికి నలభై పౌండ్లు. తీవ్రంగా గాయపడితే ఇరవై. చిన్న గాయమైతే పది.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక అలంకారపు కత్తి ఖరీదు, రెండున్నర కాళ్ల ఖరీదు.

వారిని తప్పుపట్టడమే పని కాదు. ఆ రోజుల్లో చాలాచోట్ల కాలు పోయిన నావికుడికి వీధిలో బిచ్చమే గతి. ఆ మాత్రం సాయం చేయడమే గొప్ప. పైగా ఆ నిధి వారే తమ లెక్కను తాము తిరిగి చూసుకున్నారు. యుద్ధం ఏళ్ల తరబడి సాగింది. గాయపడినవారు, వితంతువులు, తండ్రి లేని పిల్లలు పెరిగిపోయారు. 1809లో నిధి వారు కత్తుల బహూకరణ ఆపివేశారు. ఉన్న డబ్బు గాయపడినవారికీ, ఆ కుటుంబాలకూ పోవాలన్నారు. కత్తికి అర్హులైన అధికారులలో కూడా కొందరు, మాకు కత్తి వద్దు, దాని విలువ మరో రూపంలో ఇవ్వండని అడిగి తీసుకున్నారు. కత్తి అన్నం పెట్టదని వారికి తెలుసు.

ఆ నిధి నేటికీ ఉంది. సైనిక కుటుంబాలకు సాయం చేస్తూనే ఉంది. కత్తులు పంచిన కాలం ఆరేళ్లు. కుటుంబాలను ఆదుకున్న కాలం రెండు వందల ఏళ్ల పైచిలుకు. ఏది నిలిచిందో వేరే చెప్పనక్కరలేదు.

డోలు వాయించేవాడికీ గౌరవం

అదే కాలంలో, అవతలి పక్షమైన ఫ్రాన్సులో ఇంకొక పద్ధతి వచ్చింది. 1799 డిసెంబరులో నెపోలియన్ ప్రభుత్వం గౌరవాయుధాల ఉత్తర్వు చేసింది. అందులో విశేషం ఏమిటంటే, సామాన్య సైనికుడికి కూడా గౌరవం దక్కింది. తుపాకి పట్టేవాడికి వెండి తొడుగు వేసిన తుపాకి. యుద్ధరంగంలో డోలు వాయించేవాడికి వెండి తొడుగుల డోలు పుల్లలు. బాకా ఊదేవాడికి వెండి బాకా. వాటితో పాటు రోజుకు ఇంత అని అదనపు జీతం. గౌరవపు కత్తి సంపాదించినవారికి జీతం రెట్టింపు. 1802లో దీని స్థానంలోనే నేటి ఫ్రెంచి 'లీజియన్ ఆఫ్ ఆనర్' బిరుదు వచ్చింది.

నెపోలియన్ ధర్మరాజు కాడు. ఆయన యుద్ధాలకు లక్షల మంది బలయ్యారు. కాని ఈ ఒక్క విషయంలో కిటుకు పట్టుకున్నాడు. డోలు వాయించే కుర్రవాడు లేకపోతే దండు కదలదు. వాడికీ గౌరవం కావాలి. గౌరవంతో పాటు నాలుగు డబ్బులూ కావాలి.

మన దేశంలో కంపెనీవారు సిపాయిల కోసం 1837లో 'ఆర్డర్ ఆఫ్ మెరిట్' అనే పతకం పెట్టారు. దానితో జీతం కొంత పెరిగేది. కాని ఇంగ్లీషువారి అత్యున్నత పతకమైన విక్టోరియా క్రాసు మాత్రం 1911 దాకా భారతీయ సిపాయికి అందని మానిపండే. స్వతంత్రం వచ్చాక 1950లో మనం ఏర్పరచుకున్న పరమవీరచక్రం ఏ లోహంతో చేసినది? కంచుతో. జవానుకైనా మేజరుకైనా అదే పతకం. హోదాను బట్టి వంద రూపాయల పతకం, ముప్పై రూపాయల పతకం అని లేదు. మన రిపబ్లిక్ చేసిన మంచి పనులలో ఇది ఒకటి.

అయితే కత్తి ఇవ్వడమే తప్పా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. హైదరాబాదు దగ్గర దుండిగల్ వైమానిక అకాడమీలోనూ, డెహ్రాడూన్ సైనిక అకాడమీలోనూ శిక్షణలో మొదటి స్థానంలో నిలిచిన యువకుడికో యువతికో నేటికీ గౌరవ ఖడ్గం ఇస్తున్నారు. ఆ క్షణం కోసం పిల్లలు ఏళ్ల తరబడి కష్టపడతారు. ఆ కత్తిలో బంగారం లేదు, ఒకరి సొత్తు లాక్కున్నది కాదు, ఇంకొకరి పూట కూడు కోసి చేయించినది కాదు. అలాంటి కత్తిని ఎవరు కాదంటారు? మనిషికి మెప్పు కావాలి. ప్రాణం పణంగా పెట్టినవాడికి ఇంకా కావాలి. అడగవలసినది ఒక్కటే. ఆ మెప్పు కొందరికే పోయి, దాని ఖర్చు ఇంకెవరి మీదనో పడుతున్నదా?

మన ఊళ్లలో మాట

మన గ్రామాలలో నేడు జరుగుతున్న సన్మానాలను ఈ గీటురాయి మీద గీసి చూడాలి. రాజకీయ సభల్లో నాయకుడికి వెండి కత్తి ఇచ్చి, ఒరలోంచి దూసి పైకెత్తమనడం పరిపాటి అయిపోయింది. ఆయన ఎత్తుతాడు, ఫోటో తీస్తారు, కత్తి కారు వెనుక సీట్లోకి పోతుంది. ఎన్నడూ కత్తి పట్టనివారికి కత్తి, తుపాకి పట్టి సరిహద్దులో నిలబడ్డ జవానుకు శాలువా! శాలువా అయినా ఏడాదికి ఒకసారి, ఆగస్టు 15న, గుర్తుంటే.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరు ఉంది. ఇంటింటి నుంచీ సైన్యానికి మనిషిని పంపిన ఊరని పేరు. మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. పంటలు దండగై, ఉన్న ఊళ్లో బతుకుతెరువు లేక, సైన్యంలో చేరిన బిడ్డలు మన కరువు సీమలోనూ ఉన్నారు. వారిలో తిరిగి రానివారూ ఉన్నారు. ఒక జవాను చనిపోయినప్పుడు ఊరంతా కదులుతుంది. జెండా కప్పిన పెట్టె వెంట వేల మంది నడుస్తారు. అది మన ప్రజల గొప్ప గుణం. కాని పెద్దకర్మ అయిన మరునాటి నుంచి ఆ ఇంటి గడప తొక్కేవారు తగ్గిపోతారు. రికార్డులో భార్య పేరు ఒక అక్షరం తేడాగా ఉంటుంది, పుట్టిన తేదీ కలవదు, ఏటా నవంబరులో బతికి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ కాగితాల కోసం బస్సెక్కి తిరిగేది ఆ ఇల్లాలు ఒక్కతే.

ఇందుకు కోట్లు అక్కరలేదు. ఊరివారు తలచుకుంటే అయ్యే పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, పేర్లు. శ్రీరంగపట్నం కోటగోడ ఎక్కిన సిపాయిలలో ఏ గ్రామం వాడు ఎవడో మనకు తెలియదు. బెయిర్డ్ పేరు మాత్రం ఉక్కు మీద నిలిచింది. ఆ అన్యాయం మన కాలంలో జరగనివ్వకూడదు. మన ఊరి నుంచి సైన్యానికి పోయిన ప్రతి మనిషి పేరు, హోదాతో నిమిత్తం లేకుండా, బడి గోడ మీదనో పంచాయతీ కార్యాలయంలోనో రాయించాలి. ఒక నాపరాయి, ఒక చెక్కేవాడు చాలు.

రెండవది, కాగితాలు. జిల్లా కేంద్రంలో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. మాజీ సైనికులకు, వితంతువులకు గుర్తింపు కార్డులు, పింఛను దరఖాస్తులు, పిల్లల చదువు సాయం వంటివి అక్కడ చూస్తారు. ఊరిలో చదువుకున్న కుర్రవాళ్లు ఇద్దరు ఆ ఇల్లాలి వెంట పోయి, కాగితం కదిలేదాకా నిలబడితే, అది పది శాలువాల పెట్టు.

మూడవది, డబ్బు. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుపుతున్నారు. ఆ రోజు అమ్మే చిన్న జెండా డబ్బు యుద్ధంలో నష్టపోయిన కుటుంబాలకు, మాజీ సైనికుల సంక్షేమానికి పోతుంది. ఎవరికైనా వెండి కత్తి చేయించడానికి చందా పుస్తకం మన గుమ్మంలోకి వస్తే, మర్యాదగా ఒక మాట అడగవచ్చు: పతాక దినానికి ఈ ఊరు ఎంత ఇచ్చింది? జవాబు విన్నాక చందా రాయండి.

కంసాలి తప్పేమీ లేదు, వెండి తప్పేమీ లేదు. ఇవ్వదలచిన గౌరవం ఇవ్వండి. కాని ముందు గాయానికి కట్టు కట్టి, ఆ తరువాత గెలుపుకు కత్తి కట్టాలి. లండన్ వర్తకులు ఈ వరుస తెలుసుకోవడానికి ఆరేళ్లు పట్టింది. మనకు అంతకంటే ఆలస్యం కాకూడదు.

టిప్పు కత్తికి 140 కోట్లు పెట్టినవారు దాన్ని ఎక్కడ పెట్టుకున్నా ఫర్వాలేదు. గుత్తి కోట కింది పల్లెలో తండ్రి ఫోటోకు దండ వేసి బడికి పోయే పిల్లవాడి ఫీజు ఎవరు కడుతున్నారన్నది మాత్రం మన ఇంటి సంగతి.